గాలి తగ్గాలి.. పడవ కదలాలి!

• పులికాట్ రేవులో కాచుకోవడమూ ఒక పనే
• ‘ఇప్పుడొద్దు’ అనే మాటకు విలువిస్తేనే ప్రాణానికి భరోసా
• మెట్ట సీమ నుంచి విహారానికి పోయేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

మురుగమల్ల (చింతామణి తాలూకా): రాగి కళ్లం చేసిన ప్రతి ఇంటికీ ఈ కాపు తెలుసు. కంకులు తొక్కించడం అయిపోతుంది. కుప్ప పోసి ఉంటుంది. చేట చేతిలో ఉంటుంది. గాలి మాత్రం రాదు! చింతాకు కూడా కదలదు. పొద్దు నడినెత్తికి ఎక్కినా తూర్పార పట్టే పని మొదలు కాదు. గాలి ఎప్పుడొస్తే అప్పుడే పని. అంతవరకూ చెట్టు నీడే గతి. మెట్ట సేద్యగాడికి గాలి చుట్టం లాంటిది. రావాలని ఎదురు చూస్తాడు.

ఇలాగే గాలి వంక చూస్తూ కూర్చునే జనం మన తూర్పున ఇంకొకరున్నారు. వాళ్లూ తెలుగువాళ్లే. కాకపోతే వాళ్లు కోరేది గాలి రావాలని కాదు.. పోవాలని! సంచులు, బియ్యం మూటలు, చంటిపిల్లలు.. అన్నీ రేవులోనే ఉంటాయి. పడవ కూడా ఎదురుగానే ఉంటుంది. కట్టు మాత్రం విప్పరు. నీళ్లమీద తెల్లటి నురగ కనిపిస్తున్నంత సేపూ ఆ పడవ కదలదు. అదే పులికాట్ సరస్సు.

రేవులో ఇలా కాచుకోవడం చూసేవాళ్లకు సోమరితనంలా ఉంటుంది. నిజానికి ఆ పూట అక్కడ జరిగే అన్ని పనుల్లోకీ అదే ముఖ్యమైన పని. దాన్ని సరిగ్గా చేసిన రోజు ఏ వార్తా ఉండదు. చెయ్యని రోజే పేపర్లకెక్కుతుంది.

రెండేళ్ల నడుమ ఒక ఉప్పుకయ్య

చింతామణి నుంచి మదనపల్లె, తిరుపతి మీదుగా శ్రీకాళహస్తి పోయి, అక్కణ్నుంచి తడ దారి పడితే చెన్నై-కోల్‌కతా పెద్ద రోడ్డు వస్తుంది. ఆ రోడ్డు దాటి తూర్పుకు పోతే ఇక నేల అయిపోయినట్టే. ఎటు చూసినా నీళ్లు, మధ్యమధ్యన బురద మేటలు, అక్కడక్కడా దీవులు. ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఉత్తర దక్షిణాలుగా పొడవు సుమారు 60 కిలోమీటర్లు. వానలు బాగా పడిన ఏడు నీళ్లు 450 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుంటాయి. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. అరణి, కాలంగి ఏళ్లు తీపి నీళ్లు తెచ్చి పోస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పునీళ్లు పంపుతుంది.

మన సీమకూ ఆ తీరానికీ ఒక చుట్టరికం ఉంది. నంది కొండల వరసలో పుట్టే పెన్న ఉత్తరానికి పోయి, అనంతపురం, కడప దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. బాగేపల్లి మీదుగా పోయే చిత్రావతి కూడా చివరికి చేరేది ఆ పెన్నలోనే. ఇదే వరసలో పుట్టిన పాలారు దక్షిణానికి తిరిగి తమిళనాట కడలి చేరుతుంది. ఈ రెండు ఏళ్లూ సముద్రంలో కలిసే చోట్ల మధ్యన ఉన్నదే పులికాట్. మన కొండమీద పడిన చినుకు ఎటు దొర్లినా, ఈ సరస్సుకు ఒక పక్కనో ఇంకో పక్కనో కడలిలో తేలుతుందన్నమాట.

ఇంకో పోలిక కూడా ఉంది. మన దగ్గర ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అక్కడ తెలుగూ తమిళమూ ఒకే రేవులో వినబడతాయి. మురుగమల్లలో అమ్మాజాన్ బావాజాన్ దర్గాకు మూడు రాష్ట్రాల జనం వచ్చినట్టే, పులికాట్ నడుమ వేనాడు దీవిలో ఉన్న దర్గాకు కూడా గంధోత్సవానికి మతం చూడకుండా జనం పోతారు. సరిహద్దు ఊళ్ల తీరు ఎక్కడైనా ఒకటే!

ఇరకం దారి.. నీళ్లమీదే

సరస్సుకూ సముద్రానికీ మధ్య అడ్డుగోడలా ఉన్న దీవి శ్రీహరికోట. రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని 1969లో ఎంపిక చేశారు. తొలి రాకెట్ 1971లో ఎగిరింది. కేంద్రం కోసం సూళ్లూరుపేట నుంచి సరస్సును చీల్చుకుంటూ రోడ్డు వేశారు. ఇవాళ ఆ రోడ్డుమీద కారులో పోతూ ఇరుపక్కలా కొంగలను, రాజహంసలను చూడొచ్చు. వేనాడుకు కూడా తడ వైపు నుంచి దారి పడింది.

ఇరకం సంగతి వేరు. తడ మండలంలోని ఈ దీవి ఊరికి భీములవారిపాలెం రేవు నుంచి పడవలోనే పోవాలి. ఒకప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ ప్రాంతాన్ని 2022లో తిరుపతి జిల్లాలో చేర్చారు. జిల్లా మారినా దారి మాత్రం నీళ్లమీదే. ఎన్నికలొస్తే పోలింగు సిబ్బంది పెట్టెలతో పాటు పడవ ఎక్కుతారు. ఆ ఫొటో ప్రతిసారీ పేపర్లలో వస్తుంది. ఎన్నిక అయిపోయాక ఫొటో తీసేవాళ్లు పోతారు. పడవ ప్రయాణం మాత్రం పోదు.

వంతెన కావాలన్న కోరిక అక్కడ ఎన్నో ఏళ్ల నుంచి ఉంది. ఎందుకుండదు? దీవిలో బతకడమంటే ప్రతి అవసరాన్నీ గాలితో బేరమాడుకోవడమే. పురిటి నొప్పులు గాలి తగ్గేదాకా ఆగవు. పాము కరిచినవాడికి సాయంత్రం దాకా గడువుండదు. పరీక్ష హాలు తలుపు పదింటికి మూసేస్తే, పదకొండింటికి సరస్సు నెమ్మదించి ఏం లాభం? పట్టిన రొయ్యలు, చేపలు మంచు కరిగేలోపు అవతలి గట్టు చేరకపోతే బేరగాడు అడిగిందే ధర.

అందుకే దీవి జనానికి రెండు రకాల కాపు ఉంటుంది. సంతకు పోయేవాడిది ఒక కాపు. గాలి తగ్గకపోతే రేపు పోతాడు. రోగిని పక్కన పడుకోబెట్టుకున్నవాడిది ఇంకో కాపు. ఆగితే ఒక భయం, పోతే ఇంకో భయం. పడవ నడిపేవాడు ఈ ఇద్దరికీ ఒకే గాలిని చూసి జవాబు చెప్పాలి. రోడ్డున్న ఊళ్లో బస్సు డ్రైవరుకు ఇంత బరువు ఉండదు.

లోతు తక్కువ.. కోపం ఎక్కువ

‘నడుములోతు నీళ్లే కదా.. దీనికి ఇంత భయమెందుకు?’ పులికాట్ చూసిన కొత్తవాళ్లకు వచ్చే మొదటి అనుమానం ఇదే. నిజమే, సరస్సు సగటు లోతు ఒక మీటరుకు అటూ ఇటూ. చాలాచోట్ల గడ వేసి నేలను తన్నుకుంటూ పడవ నడపొచ్చు. ప్రమాదం దాగి ఉన్నదీ అక్కడే.

లోతైన నీళ్లలో అల దూరం దూరంగా, వెడల్పుగా వస్తుంది. పడవ దానిమీద ఎక్కి దిగుతుంది. లోతు తక్కువైన చోట అల అడుగుభాగం నేలకు రాసుకుని నెమ్మదిస్తుంది. వెనకొచ్చే అల దాన్ని అందుకుంటుంది. దాంతో అలలు పొట్టిగా, నిట్రంగా, ఒకదాని వెంట ఒకటి దగ్గర దగ్గరగా వస్తాయి. ఒక అల మీంచి పడవ లేచేలోపే రెండోది పక్కన తగులుతుంది. చిన్న పడవలోకి నీళ్లు చేరేది ఇలాగే. నీళ్లు చేరాయని జనం ఒక పక్కకు జరిగితే ఇక చెప్పేదేముంది?

రెండో సంగతి.. గాలి నీటిమీద ఎంత దూరం అడ్డు లేకుండా పరుగెత్తితే అల అంత పెరుగుతుంది. మన ఊరి చెరువు కట్టమీద నిలబడితే అవతలి గట్టు కనిపిస్తుంది. గాలికి అంత పరుగు దొరకదు. చిన్న ముడతలు పడి ఊరుకుంటుంది. కిలోమీటర్ల కొద్దీ అడ్డులేని సరస్సులో అదే గాలి అలలు లేపుతుంది. కట్టమీద చొక్కా ఎగరేసే గాలి సరస్సు నడుమన పడవ ఊపేస్తుంది.

మూడోది బురద. పడవ తిరగబడితే నిలబడొచ్చులే అనుకోవడానికి లేదు. కాలు పెడితే మోకాలి దాకా దిగబడే అడుసు చాలాచోట్ల ఉంటుంది. లోతు కూడా అంతటా ఒకటి కాదు. ముఖద్వారాల దగ్గర, పాత బకింగ్‌హామ్ కాలువ దారిలో ఎక్కువ ఉంటుంది. పైనుంచి చూస్తే అంతా ఒకే నీళ్లు. ఎక్కడ ఏముందో తెలిసింది అక్కడ పుట్టి పెరిగినవాళ్లకే.

సరస్సును తక్కువ చేసి చూడకూడదని అమెరికావాళ్లకూ గట్టి పాఠమే దొరికింది. 1975 నవంబరు 10న లేక్ సుపీరియర్‌లో ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే సరుకు ఓడ తుపానులో మునిగి, అందులో ఉన్న 29 మందీ చనిపోయారు. ఆ ఓడ పొడవు 220 మీటర్ల పైమాటే! సముద్రంలో కాదు, మంచినీటి సరస్సులోనే. అంత ఓడకే అలా జరిగితే, ఇరవై మంది ఎక్కే పడవ ఎంత?

గాలికో వేళ.. కాలానికో లెక్క

పడవవాళ్ల దగ్గర గాలిని కొలిచే యంత్రాలుండవు. వాళ్లు చూసేది నీటి రంగు, నురగ, మబ్బు, పిట్టలు. ఇందులో మంత్రమేమీ లేదు. 1805లో ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి ఇదే పద్ధతిని లెక్క కట్టి పెట్టాడు. ఆ లెక్కనే కొంచెం మార్చి ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతోంది. అందులో కొన్ని మెట్లు మన కళ్లతోనూ చూడొచ్చు. ఆకులు, సన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. నేలమీద దుమ్ము, కాగితాలు లేస్తుంటే 20 నుంచి 28. చిన్న చెట్లు నిలువునా ఊగుతుంటే 29 నుంచి 38. సరస్సుల్లో నురగ కట్టిన అలలు లేచేది ఈ దశలోనే. అంటే రేవు పక్కన చిన్న చెట్టు ఊగుతోందా.. చిన్న పడవ ఆగాల్సిందే.

ఒక్క రోజులోనే గాలికి వేళలున్నాయి. తెల్లవారుజామున సాధారణంగా సరస్సు అద్దంలా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కుతుంది. నేలమీది గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి దూసుకొస్తుంది. అందుకే మధ్యాహ్నం దాటితే సరస్సు మారిపోతుంది. పొద్దున్నే పని చూసుకోవడం, గాలి రాకముందే తిరిగి రావడం.. తీరంలో పాత అలవాటు. మనం ఎండకు భయపడి పొద్దున్నే పొలానికి పోయినట్టు, వాళ్లు గాలికి భయపడి పొద్దున్నే పడవ తీస్తారు.

ఏడాదిలో చూస్తే ఇంకో లెక్క. జూన్, జులైల్లో పడమటి గాలి. మన ఊళ్లలో ఆషాఢం గాలి అని చెప్పుకుంటామే, అదే గాలి కొండలు దిగి తీరానికి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి మబ్బు కమ్మి ఈదురుగాలి లేస్తుంది. ముందు చల్లగా ఒక విసురు, తర్వాత దుమ్ము, ఆ తర్వాత వాన. ఈ గాలికి ఎంతో వ్యవధి ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, తుపాన్లు. సరస్సు నిండేదీ అప్పుడే, పడవకు ప్రమాదం పెరిగేదీ అప్పుడే.

చివరగా ఎండాకాలం. నీళ్లు లాగేసి సరస్సులో చాలాభాగం బయటపడుతుంది. అప్పుడు గాలి లేకపోయినా పడవ కదలదు.. నీళ్లు చాలక! ఒక రుతువులో గాలి తగ్గాలని, ఇంకో రుతువులో నీళ్లు రావాలని కాచుకోవడమే.

టీవీలో ‘కృష్ణపట్నం ఓడరేవులో ఒకటో నంబరు ప్రమాద సూచిక’ అని వినే ఉంటారు. ఓడరేవుల్లో ఎగరేసే ఈ సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. ఒకటి అంటే దూరాన సముద్రంలో వాయుగుండం ఉందని. పది అంటే పెను ప్రమాదం ముంచుకొచ్చిందని. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఇవి పెద్ద తుపాన్ల కోసం. మధ్యాహ్నం లేచే గాలికి, సాయంత్రపు ఈదురుగాలికి ఏ జెండా ఎగరదు. అక్కడ పడవవాడి కన్నే జెండా.

ఆగి ఉంటే బతికేవాళ్లు

2011 డిసెంబరు 25. క్రిస్మస్ సెలవు. తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర పులికాట్‌లో విహారానికి పోయిన పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. పిల్లాపాపలతో సరదాగా పోయినవాళ్లు. లైఫ్ జాకెట్లు లేవు. 400 ఏళ్ల కిందట డచ్చివాళ్లు కోట కట్టుకుని వ్యాపారం చేసిన రేవు అది. ఆ నీళ్ల సంగతి తెలిసిన ఊరు. అయినా ఒక్క పూటలో అంత ఘోరం జరిగిపోయింది.

అంతకు ముందే 2007 జనవరి 18న ఇంకో విషాదం. శ్రీశైలం డ్యాము వెనక నీళ్లు కూడా పెద్ద సరస్సు లాంటివే. కర్నూలు జిల్లా నెహ్రూనగర్ వైపు నుంచి అవతలి గట్టు మంచాలకట్టకు పడవలో సింగోటం జాతరకు బయల్దేరిన జనంలో అరవై మంది దాకా మునిగిపోయారు. జాతర తొందర. ఇంకో పడవ వచ్చేదాకా ఆగే ఓపిక లేదు. ఉన్న ఒక్కదాంట్లోకే అందరూ ఎక్కారు.

2018 మే 15న గోదావరిలో మంటూరు దగ్గర లాంచీ మునిగింది. సాయంత్రం వేళ, ఈదురుగాలి, వాన. జల్లు లోపల పడకుండా తలుపులు, కిటికీలు మూసుకోవడంతో చాలామంది బయటపడలేకపోయారని అప్పట్లో వార్తలొచ్చాయి. మే నెల సాయంత్రపు గాలి గురించి పైన చెప్పుకున్నాం కదా, ఇదే అది. మరుసటి ఏడు, 2019 సెప్టెంబరు 15న, వరద గోదావరిలో పాపికొండల విహారానికి పోయిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. ప్రాణాలతో బయటపడినవాళ్లు 26 మందే. అక్కడ ఆగాల్సింది గాలి తగ్గడానికి కాదు, వరద తగ్గడానికి.

మనకు బాగా దగ్గరిది ఇంకొకటుంది. 2017 ఏప్రిల్ 28న అనంతపురం జిల్లా గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో పుట్టి మునిగి పదిమందికి పైగా చనిపోయారు. పిల్లలు, ఆడవాళ్లు కూడా ఉన్నారు. సముద్రం కాదు, నది కాదు. మన ఊరిలాంటి ఊళ్లో, మన చెరువులాంటి చెరువులో!

ఈ అయిదింటిలో కారణాలు వేరువేరు. ఒకచోట జనం ఎక్కువ, ఒకచోట గాలి, ఒకచోట వరద. ఒక్క పోలిక మాత్రం అన్నిట్లోనూ ఉంది. బయల్దేరక తప్పనంత పని ఎవరికీ లేదు. జాతర, సెలవు, సరదా, ఇంటికి చేరే తొందర.. అంతే. ఒక గంటో, ఒక పూటో, ఒక రోజో ఆగితే పోయేదేమీ లేదు.

‘వద్దు’ అనే హక్కు ఎవరిది?

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. గాలి బాగాలేదని పడవవాడికి తెలుసు. కానీ ‘ఇప్పుడొద్దు’ అనగలడా?

దీవి జనాన్ని దాటించేవాడు అనగలడు. ఎక్కేవాళ్లకూ సరస్సు తెలుసు. వాడి మాటకు ఎదురు చెప్పరు. విహారానికి జనాన్ని తిప్పేవాడి పరిస్థితి వేరు. ఆదివారం ఒక్కరోజే బేరం. డీజిలు అప్పు, ఇంజిను అప్పు. కారులో అంత దూరం నుంచి వచ్చినవాళ్లు ‘అన్నా, ఇంకో వంద ఎక్కువిస్తాం.. తియ్యి’ అంటారు. వాడు కాదంటే పక్కవాడు తీస్తాడు. అలా ‘వద్దు’ అన్నవాడికి నష్టం, ‘సరే’ అన్నవాడికి లాభం ఉన్నంత కాలం రేవులో న్యాయం నిలబడదు. వద్దనే భారం ఒక్క పడవవాడి మీద వెయ్యకూడదు.

ఆ భారాన్ని ప్రభుత్వం మోసిన చోటు ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. హొగేనకల్! కర్ణాటక-తమిళనాడు సరిహద్దులో కావేరి జలపాతం. మనవాళ్లు చాలామంది చూసొచ్చిందే. పైన డ్యాముల నుంచి నీళ్లు వదిలి ప్రవాహం పెరిగితే ధర్మపురి జిల్లా యంత్రాంగం పుట్టి సవారీలను ఆపేస్తుంది. నీళ్లు తగ్గాక మళ్లీ అనుమతిస్తుంది. ఆ రోజుల్లో పుట్టివాళ్లకు పని ఉండదు, నిజమే. కానీ ఎవరో ఒకడు చాటుగా లాభపడడం, నిజాయితీపరుడు నష్టపోవడం ఉండదు. ఆపితే అందరికీ ఆగుతుంది.

కచ్చులూరు తర్వాత ఆంధ్ర ప్రభుత్వం కూడా 2020లో గోదావరి, నాగార్జునసాగర్, శ్రీశైలం, విజయవాడ, రుషికొండలతో కలిపి తొమ్మిది చోట్ల బోట్ల కంట్రోల్ రూములు పెట్టింది. నీటిమట్టం, వాతావరణం, ఎంతమంది ఎక్కారో చూసి అనుమతి ఇవ్వాలన్నది ఉద్దేశం. దేశం మొత్తానికి 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త లోతట్టు నౌకల చట్టం వచ్చింది. చట్టాలు మంచివే. కానీ కంట్రోల్ రూము లేని రేవులు, లెక్కలోకి రాని పడవలు, చెరువుల్లో తిరిగే పుట్టిలు ఇంకా వేలల్లో ఉంటాయి. అక్కడ కంట్రోల్ రూము ఎక్కేవాడి బుర్రే.

దీవి జనం విషయంలో ‘వద్దు’ ఒక్కటే చాలదు. ‘ఈ పూట పడవ లేదు’ అన్నప్పుడు జబ్బు మనిషి గతేమిటి? వైద్యం దీవిలోనే అందాలి. లేదా గాలికి తట్టుకునే గట్టి పడవ ఉండాలి. లేదా వంతెన ఉండాలి. మనం సరదాగా కాచుకునే గంట వాళ్లకు ప్రాణం ఖరీదు కాకూడదు. పడవ ఆపడం అధికారుల బాధ్యత అయితే, ఆపిన రోజున బతుకు ఆగకుండా చూడడం కూడా వాళ్ల బాధ్యతే.

మనకెందుకీ గోల?

‘మాది మెట్ట సీమ. బోరు వెయ్యి అడుగులు వేసినా చుక్క రాదు. పడవల సంగతి మాకెందుకు?’ అనొచ్చు. అందుకే కావాలి!

ఏటి ఒడ్డున పుట్టిన పిల్లవాడికి ఈత, భయం రెండూ కలిసే వస్తాయి. ఎండిన చెరువులో క్రికెట్ ఆడుతూ పెరిగిన మన పిల్లలకు నీళ్ల మర్యాద తెలియదు. చాలామందికి ఈత రాదు. నీళ్లు కనిపిస్తే సంతోషం తప్ప అనుమానం రాదు. తిరుపతి పోయి, అట్నుంచి అటే పక్షుల్ని చూద్దామని, రాకెట్ చూద్దామని తడ, సూళ్లూరుపేట దాకా పోయే బళ్లలో మనవాళ్లూ ఉంటారు. పాపికొండలకు పోతారు. హొగేనకల్ పోతారు. పడవ కనిపిస్తే ఎక్కుతారు. అక్కడివాడు ఆలోచించే చోట మనవాడు సెల్ఫీ తీసుకుంటాడు.

పైగా మన చెరువులు కూడా మునుపటిలా లేవు. 2018 నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లు కోరమంగల-చల్లఘట్ట పథకం కింద కోలారు జిల్లా చెరువులకు, చింతామణి తాలూకాలో కొన్నిటికి వస్తున్నాయి. ఆ తర్వాత హెబ్బాళ-నాగవార పథకం నీళ్లు చిక్కబళ్లాపురం వైపు చెరువులకు చేరాయి. 2021 నవంబరు వానలకు ఏళ్ల తరబడి నిండని చెరువులు కూడా అలుగు పారాయి. చెరువు నిండితే ఊరికి పండుగే. నిండిన చెరువులో చేపలు పట్టే పుట్టి కనిపిస్తే పిల్లలు ఊరుకుంటారా? ఎర్రతిమ్మరాజు చెరువులో జరిగింది ఎక్కడైనా జరగొచ్చు. కట్టమీద ఒక బోర్డు, బళ్లో ఒక పాఠం, పంచాయతీలో ఒక తీర్మానం.. ఇవి పెద్ద ఖర్చులేమీ కావు.

పడవ ఎక్కే ముందు..

• విహారం పొద్దుటిపూటే పెట్టుకోండి. మధ్యాహ్నం దాటాక సరస్సుల్లో, తీరాల్లో గాలి పెరుగుతుంది.
• రేవులో నిలబడి పది నిమిషాలు నీళ్లను చూడండి. నురగ అలలు కనిపించినా, చిన్న చెట్లు ఊగుతున్నా ఎక్కకండి.
• పడమటో, ఈశాన్యాన్నో నల్లమబ్బు లేచి చల్లగాలి విసిరితే దగ్గర్లోని గట్టుకు పోనిమ్మని చెప్పండి. మొదలుపెట్టాం కదా అని ముందుకు పోనివ్వొద్దు.
• ఎంతమంది ఎక్కొచ్చో అడగండి. అంతకు మించితే దిగిపోండి. చంటిపిల్లలు కూడా లెక్కే.
• లైఫ్ జాకెట్ ఒంటికి కట్టుకుంటేనే పనికొస్తుంది. ఒడిలో పెట్టుకుంటే కాదు.
• వాన వచ్చినా లాంచీ తలుపులు, కిటికీలు బిగించుకోవద్దు. తడిస్తే ఆరతాం.
• పడవలో లేచి నిలబడొద్దు. ఫొటో కోసం అందరూ ఒక పక్కకు జరగొద్దు.
• అన్నిటికన్నా ముఖ్యం.. పడవవాడు ‘ఇప్పుడొద్దు’ అంటే బేరమాడకండి. ఎక్కువ డబ్బులు చూపించకండి. వాడు ఆ పూట కూలి పోగొట్టుకుని మీకు చెబుతున్న మాట అది. వీలైతే ఒక టీ ఇప్పించి, దండం పెట్టి, బస్సెక్కి వచ్చెయ్యండి. సరస్సు ఎక్కడికీ పోదు!